చదరంగపు బల్ల తప్పుగా పేర్చినప్పుడు

చదరంగం ఆటలో గళ్లు అరవై నాలుగు, పావులు ముప్పై రెండు. ఆట మొదలు కాకముందు ఏ పావు ఏ గడిలో నిలవవలెనో నిశ్చయమై ఉన్నది. ఆటలోని లెక్కలన్నీ, పుస్తకాలలోని ఎత్తులన్నీ ఆ పేర్పును ఆధారం చేసుకొన్నవే. అయితే ఆ పేర్పులోనే పొరపాటు దొర్లి, ఆట సగం నడిచినాక గాని అది బయటపడకపోతే ఏమి చేయవలె? ఇంట్లో ఆడుకొనే వారికి ఇది నవ్వుకొని సర్దుకొనే విషయం. బడి పోటీలో నిర్ణేతగా కూర్చున్న ఉపాధ్యాయునికి మాత్రం అంత తేలిక కాదు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లె వంటి ఊరిలో, బండలు పరచిన బడి వరండాలో పోటీ జరుగుతున్నదనుకొందాం. తెల్లపావులు ఒక బాలునివి, నల్లపావులు ఒక బాలికవి. పద్నాలుగు ఎత్తులు అయినవి. బాలిక ఒక ఏనుగు ఎక్కువగా సంపాదించి గెలుపు దారిలో ఉన్నది. అప్పుడు బాలుడు చెయ్యెత్తి, "సార్, మొదట్లోనే నా గుర్రం, శకటు తారుమారుగా పెట్టినాను సార్. ఈ ఆట చెల్లదు" అన్నాడు. "ఓడిపోయేటప్పుడు చెప్తాడా సార్? నేనేం తప్పు పెట్టలేదే" అన్నది బాలిక. ఆమె మాటలో న్యాయం లేదనగలమా? అట్లాగని తప్పు పేర్పుతో నడిచిన ఆటను చదరంగం అనగలమా? గెలిచిన వారు మండల పోటీ నుండి జిల్లా పోటీకి పోతారు గనుక ఈ తీర్పు మీద ఒక పిల్ల లేక పిల్లవాని ఏడాది సాధన ఆధారపడి ఉంటుంది.

తీర్పుకు పోయే ముందు పేర్పు సంగతి కొంచెం చూడవలె.

ఈ ఆట మన దేశపు చతురంగం నుండి పారశీకానికి, అరబ్బు దేశాలకు, అక్కడి నుండి యూరపుకు పోయింది. ఆ పాత ఆటను ఆడిన అష్టాపదంలో ఎనిమిదేసి గళ్ల వరుసలు ఎనిమిది ఉండేవి గాని, ఇప్పటివలె నలుపు తెలుపు రంగులు ఉండేవి కావు. గళ్లకు ఒకదాని తరువాత ఒకటిగా రెండు రంగులు వేయడం సుమారు వెయ్యి సంవత్సరాల కిందట యూరపులో మొదలైంది. చతురంగంలో రెండు పక్షాల రాజులు ఎదురెదురుగా గాక, ఒకరి రాజుకు ఎదురుగా రెండవవారి మంత్రి నిలిచేదని చరిత్రకారులు చెపుతారు. కాబట్టి తాతల పద్ధతి ఆడే ఇంటిలో నేర్చుకొన్న పిల్లవాడు రాజును వేరే గడిలో పెడితే వానిని తెలివితక్కువ వాడనరాదు. అది మరొక ఆట; దానికీ దాని నియమాలున్నవి. పోటీలో మాత్రం అంతర్జాతీయ నియమమే ప్రమాణం.

ఆ నియమం ప్రకారం ప్రతి ఆటగానికి కుడిచేతి వైపు మూల గడి తెల్లదై ఉండవలె. తెల్లవారి ఎడమ నుండి కుడికి నిలువు వరుసలను ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అంటారు. తెల్లవారి వైపు నుండి అడ్డు వరుసలకు 1 నుండి 8 వరకు అంకెలు. మొదటి అడ్డు వరుసలో ఎడమ నుండి ఏనుగు, గుర్రం, శకటు, మంత్రి, రాజు, శకటు, గుర్రం, ఏనుగు. నల్లవారి మంత్రి తెల్లవారి మంత్రికి ఎదురుగా, రాజు రాజుకు ఎదురుగా నిలుస్తారు. మంత్రి తన రంగు గడిలోనే ఉంటాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. నిలువు వరుసలకు అక్షరాలకు బదులు 1 నుండి 8 వరకు అంకెలు వేసుకోండి. ఏ గడికైనా నిలువు అంకెను, అడ్డు అంకెను కూడితే సరి సంఖ్య వచ్చిందా, అది నల్ల గడి. బేసి సంఖ్య వచ్చిందా, తెల్ల గడి. ఎ1 గడికి 1+1=2, నలుపు. హెచ్1 గడికి 8+1=9, తెలుపు. సుద్దతో బండ మీద గీసిన, రంగులు వేయని బల్ల మీద కూడా ఈ లెక్కతో ప్రతి గడి రంగునూ చెప్పవచ్చును. శకటు ఐమూలగా ఒక గడి జరిగితే రెండు అంకెలూ ఒక్కొక్కటి మారుతవి. మొత్తం రెండు పెరుగుతుంది, రెండు తగ్గుతుంది, లేదా మారదు. అంటే సరి సరిగానే, బేసి బేసిగానే ఉంటుంది. అందుకే శకటు పుట్టిన రంగును ఎన్నటికీ విడువదు. గుర్రం ఒక దిక్కున రెండు, మరొక దిక్కున ఒకటి జరుగుతుంది గనుక మొత్తం బేసి సంఖ్యతో మారుతుంది. ప్రతి ఎత్తుకూ రంగు మార్చి తీరవలసిందే. ఈ రెండు సంగతులు మనకు ముందు పనికివస్తవి.

ఇక పొరపాట్లు. పిల్లలు చేసే తప్పులు చాలావరకు మూడు నాలుగు రకాలే.

మొదటిది, పావులన్నీ సరిగానే ఉండి బల్ల మాత్రం అడ్డం తిరిగి ఉండడం. కుడిచేతి మూలన నల్ల గడి వస్తుంది. దీనివల్ల ఆటకు వచ్చిన నష్టమేమిటి? ఏమీ లేదు. గడి రంగు కంటికి సాయం చేయడానికి వేసిందే గాని, ఏ పావు నడకా రంగును అడిగి నడవదు. రంగులన్నీ తారుమారైనా ఏనుగు నిలువుగా, అడ్డంగానే పోతుంది. శకటు ఐమూలగానే పోతుంది. అందుచేత నియమం కూడా ఇక్కడ మెత్తగా ఉన్నది: ఆట రద్దు కాదు, అప్పటికి వచ్చిన స్థితిని యథాతథంగా సరిగా వేసిన బల్ల మీదికి మార్చి, ఆటను కొనసాగించవలె.

రెండవది వింతైనది. బల్ల అడ్డం తిరిగి ఉన్నది. పిల్లలకు "మంత్రి తన రంగులో" అనే సూత్రం ఒక్కటే గుర్తున్నది. ఆ సూత్రం ప్రకారం పెడితే మంత్రి డి1లో గాక, రాజు ఉండవలసిన ఇ1 చోటికి వస్తాడు. రాజు మంత్రి చోటికి పోతాడు. నల్లవారూ అట్లాగే పెడతారు. ఇప్పుడు ఈ బల్లను అద్దంలో చూడండి. అద్దంలో కుడి ఎడమలు మారి, కుడిమూల తెల్లదై, మంత్రి ఎడమన, రాజు కుడిన, అంతా సరియైన పేర్పే కనబడుతుంది! ఏనుగులు, గుర్రాలు, శకటులు రెండు వైపులా ఒకే విధంగా ఉన్నవి గనుక అద్దం వాటిని మార్చదు. అంటే రెండు తప్పులు కలిసి సరియైన ఆటకు నిలువుటద్దపు ప్రతిబింబం తయారైనది. ఇట్టి ఆటలో ఎవరికీ ఎక్కువ తక్కువలు లేవు. ఆట మొత్తం పూర్తయినా ఎవరికీ అనుమానం రాకపోవచ్చును. అచ్చులో అక్షరాలు, అంకెలు ఉన్న బల్ల అయితే మాత్రం అక్షరాలు పక్కకు, అంకెలు ఎదురుకు వచ్చి గుట్టు బయటపెడతవి.

న్యాయం చెడలేదు గదా, ఈ ఆటను అద్దంలో తిప్పి సరియైన బల్ల మీద పెట్టి సాగనివ్వరాదా అని గణితం తెలిసినవారు అడుగుతారు. తర్కానికి అడ్డు లేదు. కాని నియమం ఒప్పుకోదు: రాజు మంత్రులు తప్పు గళ్లలో నిలిచినారు గనుక ఇది తొలి పేర్పులోని తప్పే. నా మటుకు ఇందులో నియమమే మేలనిపిస్తుంది. గడియారం నడుస్తుండగా ముప్పై రెండు పావులను మనసులో అద్దం తిప్పి పేర్చమంటే, ఒక తప్పును దిద్దబోయి మరి రెండు తెచ్చుకొంటాము.

ఒక పక్షం మాత్రమే రాజును, మంత్రిని మార్చి పెట్టుకొంటే అది ఏ ప్రతిబింబమూ కాదు. ఒకరి రాజుకు ఎదురుగా రెండవవారి మంత్రి నిలుస్తాడు. పాత చతురంగపు పేర్పు వంటిది వస్తుంది. నేర్చుకొన్న ఎత్తులేవీ పనిచేయవు.

మన బాలుడు చేసినది మరొక రకం. గుర్రాన్ని ఎఫ్1లో, శకటును జి1లో పెట్టినాడు. లెక్క వేయండి. సి1 శకటుకు 3+1=4, నలుపు. తప్పుగా పెట్టిన జి1 శకటుకు 7+1=8, అదీ నలుపే. రెండు శకటులూ నల్ల గళ్ల మీదనే తిరుగుతున్నవి! సరియైన పేర్పులో ఒకటి నల్లది, ఒకటి తెల్లది కావలె. శకటు రంగు మారదని పైన చూచినాము. కాబట్టి ఎన్ని ఎత్తులు గడిచినా ఈ తప్పు ముద్ర చెరగదు. ఒక పక్షపు శకటులు రెండూ ఒకే రంగులో ఉండి, ఆ పక్షపు బంట్లు ఎనిమిదీ బల్ల మీదనే ఉంటే, ఎక్కడో తప్పు జరిగిందని కళ్లు మూసుకొని చెప్పవచ్చును. బంట్లు తగ్గి ఉంటే మాత్రం తొందరపడరాదు. చివరి వరుస చేరిన బంటు శకటుగా మారడానికి నియమం ఒప్పుకొంటుంది.

అదే బాలుడు రెండు వైపులా గుర్రాలను, శకటులను మార్చి పెట్టి ఉంటే? శకటులు బి1, జి1 గళ్లలో ఉంటవి. 2+1=3, తెలుపు; 7+1=8, నలుపు. రెండు రంగులూ ఉన్నవి! ఒక తప్పును పట్టిన పరీక్ష రెండు తప్పులను పట్టలేకపోయింది. ఇది చదరంగానికే పరిమితమైన వింత కాదు. కంప్యూటర్లలో సమాచారాన్ని పంపేటప్పుడు 0, 1 అంకెల వరుస చివర ఒక అదనపు అంకెను చేర్చి, మొత్తం ఒకట్ల సంఖ్య సరి అయ్యేటట్లు చూస్తారు. దారిలో ఒక అంకె మారితే ఒకట్లు బేసి అవుతవి, తప్పు తెలిసిపోతుంది. రెండు మారితే మళ్లీ సరి, తప్పు దాగిపోతుంది. ఈ బలహీనతను దాటి, తప్పు ఉన్నదని చెప్పడమే గాక ఎక్కడ ఉన్నదో కూడా చూపగల పద్ధతిని రిచర్డ్ హామింగ్ అనే శాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించినాడు. దానికి ఆయన చేసినది ఒక పరీక్షకు బదులు అనేక పరీక్షలను ఒకదానిపై ఒకటి అల్లడం. చదరంగపు నిర్ణేత కూడా అదే చేయవలె.

మరొక పరీక్ష చూడండి. తెల్లవారి బి2, డి2 బంట్లు కదలకుండా ఉన్నవి. సి1లోని శకటు మాత్రం బల్ల మధ్యన ఉన్నది. అది బయటికి ఎట్లా వచ్చింది? దానికి ఉన్న దారులు రెండే. రెండింటికీ తలుపులు మూసి ఉన్నవి. కనుక పేర్పు తప్పైనా కావలె, మధ్యలో చెల్లని ఎత్తైనా పడి ఉండవలె.

ఈ రెండింటి మధ్య భేదం తేల్చడమే నిర్ణేత పనిలో కఠినమైన భాగం. ఏలనంటే వైద్యం వేరు. 1924లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమావళిలో, 2023 జనవరి 1 నుండి అమలులో ఉన్న పాఠం ప్రకారం, ఆట నడుస్తుండగా తొలి పేర్పు తప్పని తేలితే ఆ ఆట రద్దు. కొత్త ఆట ఆడవలె. మధ్యలో పావు చోటు తప్పిందనో, చెల్లని ఎత్తు పడిందనో తేలితే ఆట రద్దు కాదు. తప్పుకు ముందున్న స్థితికి వెనక్కు పోవలె, అది తెలియకపోతే గుర్తు పట్టగలిగిన చివరి స్థితి నుండి సాగవలె. తెల్లవారు, నల్లవారు తారుమారై కూర్చుంటే మరొక లెక్క: ఇద్దరూ పదేసి ఎత్తులు వేయకముందు తెలిస్తే కొత్త ఆట, తరువాత తెలిస్తే అదే ఆట సాగుతుంది.

తప్పు ఎవరు చేసినారని పేర్పు నియమం అడగదు. పేర్పు సరిచూచుకొనే బాధ్యత ఇద్దరిదీ. "ఆట నడుస్తుండగా" అన్న మాటను మాత్రం విడువరాదు. ఆటకట్టు పడి, ఫలితం రాసి, ఇద్దరూ సంతకాలు చేసినాక వచ్చి పేర్పు తప్పన్నవానికి సాధారణంగా ఆశ ఉండదు.

తేడా తేల్చడానికి మంచి సాక్షి ఎత్తులు రాసుకొన్న కాగితం. గడియారం ఆపి, పావులను ఎవరినీ ముట్టుకోనీయక, మరొక బల్ల తెప్పించి, దాని మీద సరియైన పేర్పు నుండి కాగితంలోని ఎత్తులు ఒక్కొక్కటే వేసి చూడవలె. మన బాలుని కాగితంలో మొదటి ఎత్తే "గుర్రం జి3" అని ఉన్నదనుకోండి. సరియైన పేర్పులో గుర్రాలు బి1, జి1లో ఉంటవి. మొదటి ఎత్తులో అవి చేరగల గళ్లు ఎ3, సి3, ఎఫ్3, హెచ్3 మాత్రమే. జి3 చేరడం సాధ్యం కాదు. ఎఫ్1లో ఉన్న గుర్రానికే అది సాధ్యం. తప్పు మొదటిదే అని ఇంతకంటె రుజువు అక్కరలేదు. అట్లాగాక కాగితంలో మొదట "గుర్రం ఎఫ్3" అని ఉండి, పదో ఎత్తు దాకా అంతా సరిగా నడిచి, ఆ తరువాత శకటు పోరాని గడికి పోయిందంటే పేర్పు సరియైనదే. తప్పు పదో ఎత్తు తరువాతిది.

అయితే కాగితం అన్నిచోట్లా ఉండదు. ఒకే రోజులో ఐదారు రౌండ్లు ముగించవలసిన బడి పోటీలు ర్యాపిడ్ పద్ధతినే పట్టుకొంటవి. ఒక్కొక్కరికి పది నిమిషాల కంటె ఎక్కువ, అరవై కంటె తక్కువ సమయం ఉంటే దానిని ర్యాపిడ్ అంటారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోను, 2024లోను ప్రపంచ మహిళా విజేతగా నిలిచింది ఈ పద్ధతిలోనే. ఇందులో ఎత్తులు రాయవలెనన్న నిర్బంధం లేదు. మూడు ఆటలకు ఒక నిర్ణేత చొప్పున ఉండి, ఆటలన్నిటినీ రాయించే పెద్ద ఏర్పాటు లేనిచోట దీనికి వేరే నియమం వర్తిస్తుంది: ఇద్దరూ పదేసి ఎత్తులు పూర్తిచేసినాక పేర్పు గురించి గాని, బల్ల దిశ గురించి గాని ఫిర్యాదు చెల్లదు. ఆట ఉన్నది ఉన్నట్టే సాగుతుంది. రాజు తప్పు గడిలో మొదలై ఉంటే కోట కట్టరాదు. ఏనుగు తప్పైతే ఆ ఏనుగుతో కట్టరాదు. చెల్లని ఎత్తు సంగతి ఇంకా కఠినం: ఎదుటివారు తమ తరువాతి ఎత్తు వేయకముందే అడగవలె.

ఇప్పుడు మన బాలిక, బాలుని తగవు తీర్చవచ్చును. గంటకు తగ్గని సమయంతో ఆడే దీర్ఘమైన ఆట అయితే బాలుని మాట నెగ్గుతుంది. బాలిక సంపాదించిన ఏనుగు పోయి, కొత్త ఆట మొదలవుతుంది. ఇది ఆమెకు కష్టమే. కాని ఆమె ఆడినది చదరంగం కాదని నియమం అంటున్నది. ర్యాపిడ్ అయితే పద్నాలుగు ఎత్తులు గడిచినవి గనుక బాలుని మాట చెల్లదు, రాజు, ఏనుగులు సరిగానే ఉన్నవి గనుక కోట కట్టడానికీ అడ్డులేదు, ఏనుగు బాలికదే. ఒకే తప్పుకు రెండు తీర్పులు! అందుచేత ఏ పద్ధతి వర్తిస్తుందో మొదటి రౌండుకు ముందే పిల్లలందరికీ చదివి వినిపించవలె. తగవు వచ్చినాక నియమం వెతికే నిర్ణేతను ఏ పక్షమూ నమ్మదు.

పెద్దల ఆటలలోనూ ఈ బాధ ఉన్నది. 2017 డిసెంబరులో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీ మొదటి రౌండులో ఎర్నెస్టో ఇనార్కియెవ్ తన రాజుకు చెక్ ఉండగా దానిని తప్పించక, తానే ఎదురు చెక్ చెప్పినాడు. మాగ్నస్ కార్ల్‌సెన్ తన రాజును జరిపినాడు. వెంటనే ఇనార్కియెవ్ గడియారం ఆపి, కార్ల్‌సెన్ ఎత్తే చెల్లదన్నాడు. మొదట ఆయన వైపే తీర్పు వచ్చింది. తరువాత ప్రధాన నిర్ణేత ఆట కొనసాగించమన్నాడు, ఇనార్కియెవ్ ఒప్పుకోలేదు, చివరకు ఆట కార్ల్‌సెన్‌కు దక్కింది.

అసలు మొదటి వరుసను ఎన్ని విధాల పేర్చవచ్చును? ఎనిమిది పావులలో ఏనుగులు, గుర్రాలు, శకటులు జంటలు గనుక 8! ను 2×2×2 తో భాగించగా 5,040 విధాలు. శకటులు రెండు వేర్వేరు రంగులలో ఉండవలెనంటే 2,880 మిగులుతవి. రాజు రెండు ఏనుగుల మధ్య ఉండవలెనంటే అందులో మూడవ వంతు, 960. ప్రపంచ విజేతగా వెలిగిన బాబీ ఫిషర్ 1996లో బ్యూనస్ ఎయిరిస్‌లో ప్రకటించిన ఆట ఇదే. ఈ 960 పేర్పులలో ఒకదానిని చీటీ వేసి ఎంచుకొని ఆడతారు. మనం తప్పనే రాజు మంత్రుల తారుమారు ఆ ఆటలో ఒక మంచి పేర్పు! మన బాలుని పేర్పుకు మాత్రం అక్కడా చోటు లేదు. శకటులు రెండూ నల్ల గళ్లలో ఉన్నవి గదా.

చివరగా విద్యార్థులకు ఒక లెక్క. బల్ల మీద తెల్లపావులన్నీ తమ స్థానాలలో ఉన్నవి. నల్లవారి గుర్రం ఒకటి బి8 నుండి సి6కు వచ్చి ఉన్నది. మిగిలినవన్నీ స్థానాలలోనే ఉన్నవి. ఒకరు వచ్చి, "నల్లవారు ముందు ఆడినారు, తప్పు" అన్నారు. నిజమేనా? తెల్లవారు తమ గుర్రాన్ని ఎఫ్3కు తీసి, నల్లవారు సి6 ఆడినాక మళ్లీ జి1కు తెచ్చి ఉండవచ్చును. అప్పుడు తెల్లవారివి రెండు ఎత్తులు, నల్లవారిది ఒకటి. ఇప్పుడు ఆడవలసినది నల్లవారే. గుర్రం ఎత్తెత్తుకూ రంగు మార్చుతుందన్న సంగతిని పట్టుకొని, ఈ స్థితి నియమబద్ధంగా వచ్చి ఉంటే తెల్లవారి ఎత్తులు సరి సంఖ్య, నల్లవారివి బేసి సంఖ్య కాక తప్పదని రుజువు చేయండి. గుర్రం బయట ఉన్నప్పుడు ఏనుగు ఒక గడి పక్కకు జరిగి తిరిగి వచ్చి ఉన్నా ఈ రుజువు నిలుస్తుందేమో కూడా చూడండి.